చెప్పనిచ్చిన పుస్తకం

హైదరాబాద్ రాజ్యం ఆఖరి నెలల గురించి పెద్దవాళ్ళంతా పుస్తకాలు రాసుకున్నారు. మేడ్చల్ వెళ్ళే దారిలో, బొల్లారం దక్షిణ సదన్‌లో మకాం పెట్టి ఢిల్లీకి ఎప్పటికప్పుడు కబురు పంపిన భారత ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీ రాశారు. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాక రాశారు. 1948 సెప్టెంబర్ 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయిన నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలూ అచ్చయ్యాయి. గెలిచినవాళ్ళ వాదన, ఓడినవాళ్ళ వాదన రెండూ మనకు దొరుకుతాయి. దొరకనిది తుపాకీ మోసిన మామూలు మనిషి మాట. గెరిల్లా దళానికి అన్నం వండిపెట్టి, చీటీలు చేరవేసి, పట్టుబడి దెబ్బలు తిన్న మనిషికి రాసుకునే తీరిక లేదు. చాలామందికి అక్షరాలే రావు.

ఆ లోటును చాలావరకు తీర్చిన పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించింది. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమా మహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న కలిసి చేసిన పని ఇది. కమ్యూనిస్టుల నాయకత్వంలో దేశ్‌ముఖ్‌ల మీద, నిజాం పాలన మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళు చెప్పింది టేపు మీద రికార్డు చేసి, రాతలోకి దించారు. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. దీన్ని చరిత్ర పుస్తకంగా, స్త్రీవాద పుస్తకంగా చాలామంది మెచ్చుకున్నారు. అదంతా సరే. అది ఎంత నేర్పుగా చేసిన పుస్తకమో చెప్పినవాళ్ళు తక్కువ. నాకు ఆ నేర్పు గురించే మాట్లాడాలని ఉంది.

మొదటి నేర్పు, అడిగినవాళ్ళు పక్కకు తప్పుకోవడం. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి పేరు మీద ఉంటుంది. అందులో ఆ మనిషి ‘నేను’ అని మొదలుపెట్టి తన దారిన తాను పోతుంది. సంపాదకుల ఆలోచనలు లేకపోలేదు. అవి విడి వ్యాసాల్లో ఉన్నాయి. చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం, పండించిన పంట కోసం పడ్డ పోరు చెబుతుంటే, మధ్యలో ఎవరూ దూరి “ఇది భూస్వామ్య వ్యవస్థ లక్షణం” అని పాఠం చెప్పరు. చెప్పడానికి నోరు ఎంత దురదపెట్టి ఉంటుందో ఇంటర్వ్యూలు చేసిన ఎవరికైనా తెలుసు. ఐలమ్మ 1985 సెప్టెంబర్‌లో కన్నుమూసింది. పుస్తకం ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఈ పని ఇంకొన్నాళ్ళు వాయిదా పడి ఉంటే ఆ గొంతు ఇలా మనకు మిగిలేది కాదు.

ఇదే కాలంలో, 1985లో, స్వెత్లానా అలెక్సియేవిచ్ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ స్త్రీల గురించి రాసిన పుస్తకం వచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆమెకు నోబెల్ ఇచ్చారు. రెండు పుస్తకాల సరుకూ ఒకటే, పనితనం వేరు. అలెక్సియేవిచ్ వందల గొంతులను ముక్కలుగా కోసి పక్కపక్కన పేరుస్తుంది. ఆ ముక్కల నుంచి యుద్ధం ముఖం తేలుతుంది. మనవాళ్ళు ఆ పని చేయలేదు. తక్కువ మందిని తీసుకుని, ఒక్కొక్కరి బతుకును మొదలంటా చెప్పనిచ్చారు. అందువల్ల మనకు యుద్ధం ఒక్కటే కనిపించదు. దానికి ముందు వెట్టి, పుట్టిల్లు, బాల్యవివాహం కనిపిస్తాయి. దాని తర్వాత కూలిపని, మనవలు, అప్పులు కనిపిస్తాయి. తుపాకీ పట్టిన ఆ మూడు నాలుగేళ్ళు ఒక ఆడమనిషి జీవితంలో ఎక్కడ ఇమిడాయో, ఎక్కడ ఇమడలేదో తెలుస్తుంది. నన్నడిగితే ఈ పద్ధతే కష్టం. ముక్కల్లో మంచి వాక్యాలు ఏరుకోవచ్చు. నిండు జీవితంలో మామూలు వాక్యాలను కూడా భరించాలి.

రెండో నేర్పు భాష. మన అచ్చు లోకానికి ఒక జబ్బు ఉంది. పల్లెటూరి మనిషి “పోయిన్రు”, “చేసిండు” అంటే దాన్ని “వెళ్ళారు”, “చేశాడు” అని దిద్ది గాని కాగితం మీదికి రానివ్వదు. దిద్దగానే అందరూ ఒకే బడిలో చదివినట్టు మాట్లాడతారు. ఈ పుస్తకంలో ఆ చదును లేదు. ఖిలాషాపురం దూదల సలమ్మ ఒక తీరున చెబుతుంది. మల్లు స్వరాజ్యం ఇంకో తీరున చెబుతుంది. స్వరాజ్యం భూస్వామి కుటుంబంలో పుట్టి, ఉయ్యాల పాటలతో జనాన్ని కూడగట్టి, దళాన్ని నడిపి, తర్వాత రెండుసార్లు తుంగతుర్తి ఎమ్మెల్యే అయిన మనిషి. సభలకు అలవాటు పడ్డ గొంతు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పెంచాలో ఆమెకు తెలుసు. సలమ్మది సభ గొంతు కాదు, అరుగు మీద కూర్చుని కొట్లాడే గొంతు. నగరం నుంచి వచ్చిన జమాలున్నిసా బాజీ, రజియా బేగం, బ్రిజ్‌రాణి గొంతులు మళ్ళీ వేరు. వాళ్ళ వెనక కవి మఖ్దూం కాలపు ఉర్దూ సాహిత్య వాతావరణం ఉంది. పేరు చూడకుండా రెండు పేజీలు చదివితే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పొచ్చు. నవలాకారులకే అరుదుగా అబ్బే విద్య ఇది.

ఇక అసలు సంగతి, యుద్ధం ముగిసే చోటు.

ఈ యుద్ధం రెండుసార్లు ముగిసింది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం ‘పోలీసు చర్య’తో నిజాం లొంగిపోయాడు, అతని పక్షాన ఊళ్ళ మీద పడ్డ రజాకార్ల పీడ వదిలింది. అడవిలో ఉన్నవాళ్ళకు మాత్రం అది ముగింపు కాలేదు. ఈసారి ఎదురుగా ఆ భారత సైన్యమే వచ్చింది. మరో మూడేళ్ళు నలిగాక, 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమిస్తున్నట్టు ప్రకటించింది. పార్టీ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తాను రాసిన పోరాట చరిత్రలో లెక్కలు ఇచ్చారు: నాలుగు వేల మంది చనిపోయారు, పది వేల మంది ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉన్నారు. 1952 ఎన్నికల్లో పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. చరిత్ర పుస్తకాలు ఇక్కడ పేజీ మూసేస్తాయి.

స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఇక్కడ పేజీ తిప్పారు. తర్వాత ఏం చేశారమ్మా అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో పుస్తకం స్థాయి మారిపోయింది. నాయకులు పార్లమెంటుకు వెళ్ళారు. దళంలో తుపాకీ పట్టిన ఆడపిల్లను ఇంటికి వెళ్ళమన్నారు, పెళ్ళి చేసుకోమన్నారు. ఏ ఇంటికి? అడవిలో మగవాళ్ళతో తిరిగిన పిల్లను ఊరు ఏ కంటితో చూసిందో ఊహించుకోవచ్చు. దయాని ప్రియంవద మాటల్లో ఈ నొప్పి దాపరికం లేకుండా వినిపిస్తుంది. విచిత్రమేమిటంటే, ఇంత అన్యాయం జరిగినా ఆ రోజుల తలపు వచ్చేసరికి ఈ స్త్రీల గొంతు వెలుగుతుంది. జీవితంలో ఒక్కసారి మనుషుల్లా బతికామన్న ధీమా అది. సంపాదకులు ఈ రెండింటిలో ఒకదాన్ని తుడిచేసి రెండోదాన్ని నిలబెట్టలేదు. పార్టీని తిట్టడానికే వచ్చి ఉంటే మొదటిది ఉంచేవారు, పొగడడానికే వచ్చి ఉంటే రెండోది ఉంచేవారు.

కమలమ్మ కథ దగ్గర ఈ సంయమనం పూర్తిగా తెలుస్తుంది. వెట్టి కుటుంబం నుంచి వచ్చిన మనిషి, భర్తతో పాటు పోరాటంలోకి దిగింది. అడవిలో కాన్పు అయింది. పసివాడి ఏడుపు దళానికి ప్రమాదం. దళంలో ఉండాలంటే బిడ్డను వదలాలి. బిడ్డను ఎవరికో ఇచ్చి ఆమె మళ్ళీ దళంలోకి వచ్చింది. ఏ పత్రికకు దొరికినా దీన్ని ‘మాతృహృదయం’ అని హెడ్డింగు పెట్టి ఏడిపించేది. ఇక్కడ ఆ హెడ్డింగు లేదు, త్యాగమన్న బిరుదూ లేదు. కమలమ్మ చెప్పుకుంటూ పోతుంది, మనం వినాలి. ఆమె చేసింది ఒప్పా తప్పా అన్న తీర్పు మన నెత్తిన పడుతుంది.

ఇలా పక్కవాళ్ళ కథ వినే విద్య అంతకుముందు జైల్లోనూ కనిపించింది. మేడ్చల్ మీదుగా పోయే నిజామాబాద్ దారి చివర ఉన్న జైలు మన సాహిత్యానికి బాగా పనికొచ్చింది. కవి దాశరథి, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఖైదీలుగా కలిసి ఉన్నారు. గోడ మీద బొగ్గుతో దాశరథి పద్యాలు రాసిన కథ అందరికీ తెలుసు. నాకు ఎక్కువ ఇష్టమైంది ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’. రాజకీయ ఖైదీ అయ్యుండి ఆయన తన గురించి రాసుకోలేదు. దొంగతనాలకీ హత్యలకీ లోపలికి వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ కథలు రాశారు. వంటవాడిగా, ప్రూఫ్ రీడర్‌గా బతికి, దేశోద్ధారక గ్రంథమాల నడిపిన మనిషికి ఆ చూపు సహజమే. వినడం అన్న విద్యలో స్త్రీశక్తి సంఘటనకు ఆయన ముందుతరం మనిషి అంటాను.

లోపాలు లేవా? ఉన్నాయి. ‘మనకు తెలియని మన చరిత్ర’ చదువుతుంటే ఊళ్ళ పేర్లలో, తేదీల్లో తప్పిపోతాం. పక్కన ఒక మ్యాపు పెట్టుకోవడం మంచిది. పోరాటం వైపు నిలబడ్డవాళ్ళ గొంతులే ఇందులో ఉన్నాయి, అది వాళ్ళు ఎంచుకున్న హద్దు. ఆ హద్దు అవతల, పోలీసు చర్య తర్వాత చంపబడ్డ ముస్లింలు ఉన్నారు. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ వాళ్ళ సంఖ్యను కనీసం 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది, ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. నిజాం సైన్యంలో జీతానికి పనిచేసి, ఒక్క రోజులో ఉద్యోగం పోగొట్టుకున్న సిపాయిలు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి ఇంత ఓపికగా ఎవరు వెళ్ళారు?

మన మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళు కూడా ఆ పుస్తకంలో లేవు. పోరాట కేంద్రాలు నల్లగొండ, వరంగల్, ఖమ్మం వైపు ఉండేవి. మేడ్చల్ అప్పుడు అత్రాఫ్ బల్దా జిల్లా తాలూకా, నిజాం సొంత ఖర్చులకు శిస్తు కట్టే సర్ఫేఖాస్ ఇలాకా. ఒకవైపు బొల్లారం కంటోన్మెంటు, ఒకవైపు హకీంపేట. 1949లో సర్ఫేఖాస్ రద్దయి మామూలు పాలనలో కలిసింది. అంటే యుద్ధం ఇక్కడ ముగిసిన తీరు వేరు, చెప్పుకునే కథలూ వేరుగానే ఉంటాయి. ఇప్పుడు ఆ పొలాల్లో వెంచర్లు, జీనోమ్ వ్యాలీ షెడ్లు, అవుటర్ రింగు రోడ్డు ఉన్నాయి.

1948లో పదేళ్ళున్నవాళ్ళకు ఇవాళ తొంభైకి దగ్గర. మీ ఇంట్లోనో వాడకట్టులోనో అలాంటి అవ్వ, తాత ఉంటే ఈ ఆదివారమే వెళ్ళి కూర్చోండి. ఫోన్‌లో రికార్డు నొక్కి పక్కన పెట్టండి. తేదీ తప్పు చెబితే సరిదిద్దకండి, చెప్పిందే మళ్ళీ చెబితే ఆపకండి. రజాకార్లు పోయాక ఏమైందో, ఆ తర్వాత ఎట్లా బతికారో అడగండి. అంతకుముందు ‘మనకు తెలియని మన చరిత్ర’ ఒకసారి చదివి వెళ్తే, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలుస్తుంది.