ముల్లు ఎప్పుడు లేచింది?

బంగారుపాళెం నుంచి తోతాపురి మామిడి లోడుతో బెంగళూరు వైపు పోయే డీజిల్ పికప్‌లకు అసలు పరీక్ష మొగిలి ఘాట్ దగ్గర. అంతవరకూ కదలని టెంపరేచర్ ముల్లు ఎక్కుడు మొదలవగానే పైకి పాకుతుంది, పలమనేరు దాటాక దిగుతుంది. డ్రైవరు షెడ్డుకొచ్చి బండి హీటెక్కుతోందంటాడు. ఆ ఒక్క మాటకే స్పానర్ అందుకునేవాళ్లు చాలామంది. నాకు గౌరవం మాత్రం బానెట్ ఎత్తకముందే ఇలా అడిగే మేస్త్రీ మీద: "ముల్లు ఎప్పుడు లేస్తా ఉండాదన్నా? ఎక్కేటప్పుడా, నిలబడినప్పుడా, లైట్లేసినప్పుడా?"

లైట్లకూ ఇంజిన్ వేడికీ సంబంధమేమిటనిపిస్తుంది. ఉంది. నీళ్లు రెప్పపాటులో ఇరవై డిగ్రీలు ఎక్కవు, దిగవు. హెడ్‌లైట్ వేయగానే ముల్లు ఎగిరిందంటే వేడి పెరగలేదు, ఎక్కడో ఎర్త్ వైరు తుప్పు పట్టింది. దాన్ని గీకి బిగిస్తే పోయేదానికి రేడియేటర్ మార్చిన బండ్లున్నాయి. ఆ డబ్బు ఒక డ్రైవరు కొన్ని ట్రిప్పుల సంపాదన.

ఎక్కేటప్పుడే లేస్తుంటే రేడియేటర్ వైపు చూడాలి. ముందున్న ఏసీ కండెన్సర్‌కీ దానికీ మధ్య దుమ్ము, పొట్టు, పురుగులు మేట వేస్తాయి; ముందునుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. లోపల బోరు నీళ్ల ఉప్పు గొట్టాల్లో పేరుకుంటుంది. కూలెంట్ బదులు ఏ నీళ్లు పడితే అవి పోసే అలవాటు రాయలసీమలో ఎన్ని ఇంజిన్లను తినేసిందో! ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు లేచి, కదలగానే దిగితే అనుమానం ఫ్యాను మీదికి పోవాలి.

నాకు కోపం తెప్పించేది మాత్రం థర్మోస్టాట్ వాల్వ్ పీకేయడం. "తీసేస్తే సరిపోతుందిలే అన్నా" అని దాన్ని డబ్బాలో పడేస్తారు. ఆ చిన్న ఇత్తడి గుళికలో మైనం ఉంటుంది. చాలా ఇంజిన్లలో 80 డిగ్రీలు దాటాక అది కరిగి ఉబ్బి వాల్వ్‌ను నెడుతుంది, అప్పుడే నీళ్లు రేడియేటర్‌కు పోతాయి. అది లేకపోతే ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ చల్లబడిపోతుంది, ఎక్కేటప్పుడు మళ్లీ వేడెక్కుతుంది. ముల్లు ఊగిసలాట అక్కడే మొదలు. చల్లటి ఇంజిన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇదే తీరు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా రేడియేటర్ పైహోస్ మీద చెయ్యి పెట్టండి. వాల్వ్ బాగుంటే హోస్ చాలాసేపు చల్లగానే ఉండి, ఒక్కసారిగా కాలుతుంది. మొదటినుంచీ మెల్లగా వెచ్చబడుతుంటే వాల్వ్ మూసుకోవడం లేదు. ఇంకా అనుమానముంటే విప్పి, గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటరుతో పాటు దారానికి వేలాడదీసి మరగబెట్టండి. అంచు దగ్గర సన్నటి సందు ఏ డిగ్రీ దగ్గర విడిందో కంటికే కనిపిస్తుంది. వాల్వ్ మీద కొట్టిన అంకెతో పోల్చుకోవచ్చు.

అదే హోస్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే, వెచ్చబడకుండానే రాయిలా బిగిస్తే వేరే కథ. హెడ్ గ్యాస్కెట్ దాటి సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తున్నట్టే లెక్క. ముల్లు లోడుతో సంబంధం లేకుండా పైకీ కిందికీ ఆడుతుంది, కూలెంట్ బాటిల్‌లో బుడగలు ఆగవు. గ్యాస్కెట్ మార్చే పని ఖరీదైనది, బండి రోజుల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది. అందుకే బిగుసుకోని హోస్‌తో, ముల్లు ఆట ఒక్కటే చూసి హెడ్ విప్పుతానంటే నేను ఒప్పుకోను. ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత చూడమంటాను. మూత స్ప్రింగ్ సుమారు ఒక బార్ ఒత్తిడి నిలిపితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగ్ నీరసిస్తే ఘాట్‌లో ముందే మరిగి బయటికి తన్నుకుపోతాయి, ఆ ఖాళీలో గాలి చేరుతుంది, ముల్లు అచ్చం గ్యాస్కెట్ పోయినట్టే ఆడుతుంది. కొత్త మూత వేసి, గాలి పోయేదాకా కూలెంట్ నింపి, అదే లోడుతో అదే ఘాట్ ఎక్కించి చూడాలి.