కొల్లేరు: గట్టు మీది చూపు

తెగని వ్యవహారాన్ని ‘కొల్లేటి చాంతాడు’ అంటాం. ఒక సరస్సు పేరు జనం నుడికారంలోకి ఎక్కిందంటే, ఆ నీటితో వాళ్లు ఎంత దగ్గరగా మెలిగారో ఊహించుకోవచ్చు. కాని ఇటీవల కొల్లేరు మీద వస్తున్న కవితలూ యాత్రారచనలూ చదువుతుంటే నాకు ఆ దగ్గరితనం కనిపించడం లేదు. గూడబాతులుంటాయి, సూర్యాస్తమయం ఉంటుంది, పడవ షికారు ఉంటుంది. మనుషులుండరు. ఉన్నా, దూరాన తాటిదోనెలో ఒక నల్లని గీతలాగా, బొమ్మకు అందం కోసం ఉంటారు. ఈ ధోరణిని విమర్శించే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లాను. పడవెక్కి తిరిగాను. ఇంటికొచ్చి గూడబాతుల మీద ఒక కవిత రాశాను. రెక్కలు, గాలి, స్వేచ్ఛ – దాన్నిండా ఇవే మాటలు. చదివిన మిత్రుడొకరు, ‘పడవ దానంతటదే నడిచిందా?’ అని అడిగారు. నవ్వేశాను గాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పడవ నడిపిన పెద్దాయన ఆ రోజు దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ‘ఇందాకట్నించీ పిట్టల పేర్లే అడుగుతున్నారండి. ఒక్క చేప పేరన్నా అడగలేదేంటండీ?’ అన్నాడు. నేను అడక్కుండానే కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి అంటూ చెప్పుకుపోయాడు. అవి ఆయన చిన్నప్పుడు వలలో పడిన చేపలు. ఇప్పుడు చుట్టుపక్కల చెరువుల్లో లారీల కోసం పెంచేవి బొచ్చె, శీలావతి. ఈ రెండు జాబితాల మధ్యే ఇటీవలి కొల్లేటి చరిత్రంతా ఉంది. అది నా చెవిన పడింది, నా కవితలో పడలేదు.

ఎందుకు పడలేదు? ప్రకృతి అంటే శ్రమ లేని చోటని, అలసిన మనసు సేదదీరే చోటని భావకవిత్వం మనకొక అలవాటు నేర్పింది. భావకవుల్ని తిట్టుకుంటూనే ఆ అలవాటును మనం దాచుకున్నాం. నిజానికి ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ పాతించిన ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు పెడుతున్నాయి. వాటి కింది నీళ్లు గట్టు వేసి నిలిపిన నీళ్లు. నేను ‘స్వేచ్ఛ’ అని రాసింది ఆ ఇనుప మంచె మీది పక్షిని చూసి.

సరస్సును ఒక దృశ్యంగా చూసేవాడికి అది కదలకుండా కనిపిస్తుంది. కొల్లేరు కదిలే నీరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఆ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. వానాకాలంలో అది విస్తరిస్తుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. ఆ పెరిగే తరిగే నీటిని బట్టే లంక గ్రామాల వాళ్లు వేటా వ్యవసాయమూ చేసుకునేవాళ్లు. ఆ నీటిని బట్టే పక్షులూ వచ్చేవి.

1970ల రెండో సగంలో ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట ఆ నేలలో చేపల చెరువులు తవ్వించింది. పేరు పేదలది. క్రమంగా చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతికి పోయాయి. గట్లు పెరిగి నీటి దారులు మూసుకున్నాయి. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు తెంచారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన నిపుణుల సంఘం అది తగదంది. కొల్లేటి చాంతాడంటే ఇదే మరి.

ఇక్కడ మన అభ్యుదయ రచయితల పొరపాటు కూడా చెప్పాలి. మనలో కొందరు ఆ షికారు కవిత్వానికి విరుగుడుగా, కొంగ కన్నా కూలి ముఖ్యమనే వాదం పట్టుకున్నారు. వినడానికి వర్గదృష్టిలాగే ఉంటుంది. కాని నత్తగుల్ల కొంగా, వల వేసే బెస్తా ఆ నీటి మీదే బతుకుతారు. గట్టు పడ్డప్పుడు ఇద్దరి తిండీ పోయింది. కొంగను మనిషికి ఎదురు నిలబెట్టే వాదం లీజుదారుకే అక్కరకొస్తుంది. పేద జాలరి పేరు చెప్పి కాంటూరు తగ్గించమని అడిగేవాడు అతనే. మరో పక్క, పక్షి పేరు చెప్పి టిక్కెట్టు అమ్మే వ్యాపారానికి జాలరి కనిపించడు. గట్లు తెగినప్పుడు ఆ చెరువుల మీద కూలికి బతికినవాడు ఏమయ్యాడో రెండు పక్షాలూ అడగవు. అడగవలసింది సాహిత్యం.

దీనికి మనకు దారి లేకపోలేదు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల ఆ సరస్సు క్షీణతను ఊరి బతుకు క్షీణత నుంచి విడదీయకుండా చూపింది. అందులో కొల్లేరు కథకు తెర కాదు, కథే. ఈ చూపు కవితలోకీ యాత్రారచనలోకీ రావాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ వరదనీరు చేరవలసింది కొల్లేటికే. ఎగువన నగరం మునిగితే దిగువన ఉన్న సరస్సు తలపుకు వస్తుంది. మునగని రోజుల్లో అది మనకు ఆదివారం షికారు.

విద్యార్థి మిత్రులు ప్రకృతి కవిత దేన్ని చదివినా మూడు ప్రశ్నలు వేసి చూడాలి. ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతోంది? దీని మీద ఎవరు బతుకుతున్నారు? కవి ఎక్కడ నిలబడి చూస్తున్నాడు? నా కవిత మూడింటిలోనూ తప్పింది. దాన్ని ఏ సంకలనంలోనూ చేర్చలేదు. మళ్లీ రాయాలి. ఈసారి ఆ పెద్దాయన చెప్పిన చేపల పేర్లతో మొదలుపెడతాను. గూడబాతు కూడా ఉంటుంది, ఎందుకంటే దానికీ ఆ చేపలే కావాలి.