‘అయ్యగారు’ అయిన సేవకుడు: తెలుగు క్రైస్తవంలో సేవక నాయకత్వ భావన - విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: సేవక నాయకత్వం, పరిచర్య, పాదప్రక్షాళన, ఒంగోలు మిషన్, వెట్టి, జాషువ.

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో కాపరిని ‘దైవసేవకుడు’ అని వ్యవహరిస్తారు. ఎదురుపడినప్పుడు మాత్రం ‘అయ్యగారు’ అని పిలుస్తారు. పల్లెల్లో పాలేరు తన యజమానిని పిలిచే పిలుపు కూడా అదే. సేవకుణ్ణి తెలిపే పదం బిరుదుగా మారి, యజమానికి చెందిన సంబోధన ఆ బిరుదు ధరించినవారికి దక్కడాన్ని భాషావిశేషంగా మాత్రమే తీసుకోలేం. సేవక నాయకత్వం గురించి వెలువడే ప్రసంగాలు, కరపత్రాలు సాధారణంగా వినయగుణాన్ని వర్ణించి ఊరుకుంటాయి. సేవ ఎవరికి ఎంపిక, ఎవరికి పుట్టుకతో వచ్చిన పని అన్న ప్రశ్న వాటిలో అరుదుగా వినిపిస్తుంది. తెలుగు నేల మీద ఈ భావనను చర్చించేటప్పుడు ఆ ప్రశ్నను పక్కన పెట్టడం సాధ్యం కాదు.

పదాల ప్రస్థానం

మార్కు సువార్త పదవ అధ్యాయంలో యాకోబు, యోహానులు క్రీస్తు మహిమలో ఆయనకు కుడి ఎడమల ఆసనాలు కోరుకుంటారు. దానికి ప్రతిగా వచ్చిన బోధలో గ్రీకు మూలం రెండు పదాలు వాడింది. ‘డయాకోనోస్’ అంటే వడ్డించేవాడు, అక్కరలు చూసేవాడు. ‘డూలోస్’ అంటే బానిస. ఇదే బోధ ఉన్న మత్తయి సువార్తలో తెలుగు బైబిలు వీటిని ‘పరిచారకుడు’, ‘దాసుడు’ అని వేరుగానే అనువదించింది. వాడుకలో ఆ తేడా నిలవలేదు. తెలుగు భక్తి సంప్రదాయంలో ‘దాసుడు’ అప్పటికే గౌరవవాచకం. రామదాసు పేరు విన్నవారికి అందులో దాస్యం కన్నా భక్తే ముందు స్ఫురిస్తుంది. ఇక ‘పరిచర్య’ నేడు ఒక సంస్థకు, దాని విస్తృతికి పర్యాయపదమైంది. ‘పెద్ద పరిచర్య’ అన్న మాటలోని వైరుధ్యం వాడేవారికి తట్టదు. ఇందుకు తెలుగును మాత్రమే తప్పుపట్టనక్కరలేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక ప్రారంభంలోనే పరిచారకులు అధ్యక్షుల పక్కన ఒక హోదాగా కనిపిస్తారు.

పాదప్రక్షాళన: చేసినవారు ఎవరు?

యోహాను సువార్త పదమూడవ అధ్యాయంలో క్రీస్తు పైవస్త్రం తీసిపెట్టి, నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడుగుతాడు. ఈ ఘట్టాన్ని వినయానికి ఉదాహరణగా చెప్పి ముగించడం పరిపాటి. కథనం మాత్రం మరొక విషయాన్ని నొక్కి చెబుతుంది. సమస్తం తన చేతికి అప్పగించబడిందని ఎరిగినవాడు ఆ పనికి పూనుకున్నాడు. ముగించాక వస్త్రం ధరించి, తిరిగి కూర్చొని, తాను బోధకుణ్ణీ ప్రభువునూ అవుతానని అంగీకరించాడు. అదే పని ఆ ఇంటి బానిస చేసి ఉంటే సువార్తికుడు దాన్ని రాసేవాడు కాదు, పేతురు అభ్యంతరం చెప్పేవాడూ కాదు. పేతురును కలవరపెట్టింది హోదాల క్రమం తలకిందులు కావడం. కాబట్టి ఈ ఘట్టంలోని ఆదేశం అందరికీ ఒకే బరువుతో వర్తించదు. అది మొదట అధికారం ఉన్నవారి మీద పడుతుంది. పదిహేనవ అధ్యాయంలో శిష్యులను దాసులని కాక స్నేహితులని పిలవడంతో ఆ కదలిక పూర్తవుతుంది. తరువాతి కాలంలో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల నుంచి స్నేహాన్ని కోరడం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. త్యాగమూ సేవా పుష్కలంగా ఉన్నచోట కూడా సమానత్వం లోపించవచ్చని ఆయన గ్రహించాడు.

ఒంగోలు: సేవను నిరాకరించిన సేవకులు

ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో 1866 నుంచి పనిచేశాడు. అక్కడ క్రైస్తవం స్వీకరించిన మాదిగల ముందు ఆయన ఉంచిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. మతపరంగా కనిపించే ఈ నియమాలు ఊరి కట్టుబాటును నేరుగా తాకాయి. జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడు పొలానికి వెళ్లడం వారి ఇష్టానికి వదిలిన పనులు కావు. వాటిని నిరాకరించినందుకు ఊరి పెద్దల నుంచి వేధింపులు ఎదురయ్యాయి. అంటే ఇక్కడ క్రైస్తవ జీవితం ఒక రకమైన సేవను మానుకోవడంతో మొదలైంది. సేవక నాయకత్వ చర్చల్లో ఈ అంశానికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

ఈ సందర్భంలోనే ఎమ్మా రౌషెన్‌బుష్ క్లో 1899లో మాదిగల గురించి ప్రచురించిన గ్రంథానికి చెప్పులు కుట్టడాన్ని శీర్షికగా ఎంచుకోవడం గమనార్హం. ఎదుటివారి పాదాల దగ్గరి పనే కులవృత్తిగా నిర్ణయించబడిన శ్రోతకు, పాదప్రక్షాళన కథ ‘నీవు వంగు’ అన్న ఉపదేశంగా వినబడవలసిన అవసరం లేదు. వంగవలసినవాడు మరొకడని కూడా అది వినిపించవచ్చు.

1876-78 కరువు కాలంలో క్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని కరువు బాధితులకు కూలి పని కల్పించాడు. కూలీల జట్ల మీద పర్యవేక్షకులుగా స్థానిక బోధకులే నిలిచారు. కూలీలలో చాలామంది కులమే ఆ బోధకుల కులం. మట్టి కొలతలు చూసినవారే విరామంలో కూలీల పక్కన కూర్చొని మాట్లాడారు. సహాయం కోసం మతం మారుతున్నారన్న సందేహానికి తావివ్వకుండా కరువు పనులు సాగినంతకాలం క్లో బాప్తిస్మాలు నిలిపివేశాడు. అనంతరం 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందిన ఉదంతాన్ని సంఘచరిత్రలు పదేపదే స్మరిస్తాయి. ఆ సంఖ్య వెలుగులో జట్టు పర్యవేక్షకుల నిత్యకృత్యం మసకబారింది. దైనందిన జీవితంలో సేవక నాయకత్వానికి తెలుగు నేల మీద దొరికే గట్టి నమూనాల్లో అదొకటి: పనికి కూలి ఉంది, పెత్తనం చేసేవాడు పరాయివాడు కాడు.

జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లోని నాయకుడు ఇదే వెలుగులో కనిపిస్తాడు. అతని రెక్కల కష్టం లేనిదే పంట పండదని, అయినా అతనికి తిండి లేదని కవి చూపాడు. అతను అందరికీ సేవకుడే, ఎక్కడా నాయకుడు కాడు. క్రీస్తు చెప్పిన గొప్పతనపు సూత్రాన్ని ఈ పాత్రకు అన్వయిస్తే సమాజంలో అతనే ప్రముఖుడు కావాలి. ఆ అన్వయానికి సమాజంతోపాటు సంఘమూ సిద్ధపడలేదు.

ఆధునిక సిద్ధాంతం, దాని కొలమానం

‘సేవక నాయకత్వం’ అన్న ఆధునిక పరిభాషకు మూలం రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసం. ఏటీ అండ్ టీ సంస్థలో దీర్ఘకాలం పనిచేసిన ఆయనకు స్ఫూర్తి హెర్మన్ హెస్సే నవలలోని లియో అనే పరిచారకుడు. లియో వెళ్లిపోగానే యాత్రికుల బృందం చెదిరిపోతుంది. అతనే ఆ సమాజానికి అధిపతి అని తరువాత తేలుతుంది. కథ అందమైనదే కాని, లియో నిజానికి ఎన్నడూ నిస్సహాయుడు కాడు. గ్రీన్‌లీఫ్ ఇచ్చిన కొలమానం మాత్రం పదునైనది. సేవ పొందినవారు మరింత స్వతంత్రులయ్యారా, అట్టడుగువారికి ఏం జరిగింది అని అది అడుగుతుంది. తెలుగు అనుసరణల్లో నాయకుడి వినయం మిగిలి ఈ ప్రశ్న జారిపోయింది. 1993లో జాక్వెలిన్ గ్రాంట్ ఇంకొంత ముందుకు వెళ్లింది. ఇతరుల ఇళ్లలో పనిమనుషులుగా బతికిన నల్లజాతి స్త్రీలకు ‘సేవకత్వం’ ఆదర్శం కాజాలదని, దాని స్థానంలో ‘శిష్యత్వం’ ఉండాలని ఆమె వాదించింది. ఈ వాదం దళిత క్రైస్తవ స్త్రీల అనుభవానికి అతి దగ్గరగా ఉంది.

మందిరం వెనుక

సంఘంలోని రోజువారీ పనుల విభజన ఈ వాదాన్ని పరీక్షించడానికి తగిన స్థలం. ప్రేమవిందు తరువాత గిన్నెలు కడగడం, ఆదివారం వేకువనే మందిరం ఊడ్వడం, చాపలు పరవడం సాధారణంగా స్త్రీల మీదో సంఘంలోని పేదల మీదో పడతాయి. ఈ పనులకు ‘పరిచర్య’ అన్న పేరు అరుదుగా దక్కుతుంది. దక్కినా అది పొగడ్తగా మిగులుతుంది తప్ప కమిటీలో చోటు ఇవ్వదు. వేదిక మీద ప్రసంగం చేసినవారి పేరు ముందు ‘దైవసేవకులు’ చేరుతుంది. గ్రీకు ‘డయాకోనోస్’కు భోజనపు బల్ల దగ్గర వడ్డించేవాడన్న అర్థం ఉందని గుర్తుంచుకుంటే, ఆ పదం వర్తించవలసిన మనిషి ఆ సమయంలో మందిరం వెనుక కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ ఉంటుంది.