హల్దీ ఒడ్డున ఫిల్టర్ విద్య

తూప్రాన్ దగ్గర హల్దీ వాగు ఒడ్డున వైడ్ యాంగిల్ లెన్స్‌తో నిలబడే ఫొటోగ్రాఫర్ల పనితనం మీద నాకు ఎంతో గౌరవం. లెన్స్ ముందు ఏ ఫిల్టర్ పెట్టాలో, ఏది పెట్టకూడదో తేల్చుకోవడంలోనే వాళ్ల నేర్పంతా కనబడుతుంది.

పోలరైజర్‌నే చూడండి. నీటి మీది మెరుపు తీసేసి అడుగు రాళ్లను చూపిస్తుంది. వరి ఆకుల తళుకు తగ్గించి అసలు పచ్చదనాన్ని బయటపెడుతుంది. కానీ ఆకాశం మీద దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలోనే ఎక్కువ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 16 మి.మీ. లెన్స్ తగిలిస్తే అడ్డంగా దాదాపు 97 డిగ్రీల మేర పడుతుంది. దాంతో ఆకాశం ఒకచోట ముదురు నీలం, పక్కనే వెలవెల. చెయ్యి తిరిగినవాళ్లు రింగును కాస్త తిప్పి, నీళ్ల వరకు చాలని ఆగిపోతారు. ఎక్కడ ఆగాలో తెలియడమే అసలు విద్య.

పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ వెలుతురును సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సెకనులో 30వ వంతు ఎక్స్‌పోజర్ అర నిమిషం దాటుతుంది, పారే నీరు పాల నురుగులా పరుచుకుంటుంది. ఫోకస్ మాత్రం ఫిల్టర్ బిగించకముందే చూసుకోవాలి.

ఫిల్టర్లను ఒకదాని మీద ఒకటి బిగిస్తే ఫొటో మూలలు నల్లబడతాయి, కాబట్టి పలుచని రింగువే మేలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లెన్స్ మర కొలత చూసుకుని, ముందు మంచి పోలరైజర్ ఒక్కటి కొనండి. మిగతావి తర్వాత.