'ఆత్మ' అనే మాట – సాక్ష్యపు హద్దులు

రోమా 8:16లో పౌలు దేవుని ఆత్మను, మన ఆత్మను ఒకే వాక్యంలో నిలిపాడు. గ్రీకులో రెండూ 'న్యూమా'యే. ఇంగ్లీషు బైబిలు పెద్ద అక్షరంతో భేదం చూపుతుంది. మన లిపికి ఆ సదుపాయం లేదు. వ్యాకరణం ప్రకారం 'ఆత్మ' అమహద్వాచకం గనుక క్రియ 'ఇచ్చుచున్నది' అని ఉండాలి. మన పాత అనువాదకులు 'ఇచ్చుచున్నాడు' అన్నారు. మూలంలోనూ ఆ పదం నపుంసకలింగమే. కాబట్టి ఈ 'డు' ఒక వేదాంత నిర్ణయం. నా దృష్టిలో సరైన నిర్ణయం.

అయితే వాడుక భాషలోకి వచ్చేసరికి ఆ 'డు' జారిపోతుంది. మహేశ్వరం పరిసర గ్రామాల్లో ఒక విశ్వాసి "ఆత్మ నాతో మాట్లాడింది" అంటే, వినేవారిలో ఒకరికి అది అంతరాత్మ, ఇంకొకరికి ఉపనిషత్తుల ఆత్మ, మరొకరికి చనిపోయినవారి ఆత్మ. ఇవన్నీ మన భాషలో ఉన్న అర్థాలే, వినేవారిని తప్పుపట్టలేము. మాట్లాడింది దేవుడో తన మనసో చెప్పేవారికి సైతం తేలకపోవచ్చు.

2 కొరింథీ 12లో పౌలు పద్నాలుగేళ్ల క్రితపు తన అనుభవాన్ని పరాయివాని సంగతిలా చెబుతాడు. శరీరంతో వెళ్లాడో, శరీరం లేకుండా వెళ్లాడో తనకే తెలియదంటాడు. అక్కడ విన్న మాటలు మనిషి పలకకూడనివంటాడు. మన సాక్ష్య కూడికలేమో తేదీ, గడియ, కనబడిన వెలుగు అన్నీ అడుగుతాయి! అవి చెప్పలేని వృద్ధురాలికి మారుమనస్సు కలగలేదని బాప్తిస్మం ఆపే కాపరులు ఈ అధ్యాయాన్ని మళ్లీ చదవాలి. రోమా 8:26లో ఆత్మ సహాయానికి వచ్చేది మాటలు అందని చోటికే. ఆమె ఇప్పుడు ఎవరికి ప్రార్థిస్తున్నదో అడిగితే చాలు.