నీటిలో మొక్కలు: ఉపాధ్యాయుడు నేర్వవలసినది

నేల లేకుండ మొక్కలను పెంచు పద్ధతి నేడు పలు దేశములలో పాఠశాలల గడప త్రొక్కినది. దానికై ఉపాధ్యాయులకు శిక్షణయు ఇచ్చుచున్నారు. గొట్టములమర్చుట, పంపు నడుపుట, సీసాలోని పోషక ద్రవమును కొలిచి కలుపుట - ఇంతటితో ముగియు శిక్షణ తోటమాలికి చాలును గాని ఉపాధ్యాయునకు చాలదు.

ఈ పద్ధతి పంట కొరకు పుట్టినది కాదు. మొక్కకు ఏయే మూలకములు కావలెనో తెలిసికొనుటకు 1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, నాప్ అను శాస్త్రజ్ఞులు దీనిని రూపొందించిరి. తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరికె తొట్లలో పెంచిన టమాటో మొక్కలు పత్రికల కెక్కి జనులకు వెఱ్ఱి పుట్టించినవి. ఆ వేడిని చల్లార్చినది అదే విశ్వవిద్యాలయమున హోగ్లండ్, ఆర్నన్ 1938లో వెలువరించిన చిన్న పుస్తకము. మంచి నేలలోని పంటకును నీటిలోని పంటకును చెప్పుకొనదగిన భేదము లేదని వారు ప్రయోగముతో చూపిరి. శిక్షణకు వచ్చిన ఉపాధ్యాయునిచే మొదట చదివింపవలసినది ఇట్టి పుస్తకము.

ఏలయన, బోధనలో దీని విలువ పండిన కాయలో లేదు, పసుపెక్కిన ఆకులో ఉన్నది. ఒక సీసాలో అన్ని లవణములు వేసి, రెండవదానిలో నైట్రేటులకు బదులు క్లోరైడులు, మూడవదానిలో ఇనుము తప్ప తక్కినవన్నియు వేయవలెను. నాచు పట్టకుండ సీసాలకు నల్లకాగితము చుట్టి, వేళ్ళకు గాలి అందించుచుండవలెను. నత్రజని లేనిచో ముదురాకులు ముందు పసుపెక్కును. మొక్క వానినుండి నత్రజనిని తీసి లేత చిగుళ్ళకు పంపును గదా! ఇనుము అట్లు కదలదు. కావున అది లేనిచో లేతాకులే పాలిపోవును, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. ఈ తారుమారును విద్యార్థి తానే కనిపెట్టి కారణమడిగినప్పుడు తరగతి శాస్త్రతరగతి యగును. కొనితెచ్చిన ద్రవముతో అన్ని మొక్కలును ఏపుగా పెరిగినచో అడుగుటకేమున్నది?

ఆ పుస్తకమునకు లోపము లేకపోలేదు. అది ప్రయోగశాల అలవాటున్నవారి భాషలో నున్నది. ముప్పదిమంది పిల్లలున్న గదిని తలచి వ్రాసినది కాదు. మన తెలుగునాట మరియొక చిక్కు కలదు. పెక్కు బావులనీరు కఠినజలము. అందలి బైకార్బనేటుల వలన ద్రావణపు పి.హెచ్. 7 దాటినచో, వేసిన ఇనుము అవక్షేపమై అడుగున చేరును, వేళ్ళకు అందదు. శిక్షణలో స్వేదనజలముతోనే నేర్చిన ఉపాధ్యాయుడు తన యూర బావినీరు పోసి, ఇనుము వేసిన సీసాలోను లేతాకులు పాలిపోవుట చూచి, పద్ధతియే తప్పనుకొనును. పి.హెచ్. కాగితముతో పరీక్షించి, సజల ఆమ్లము కొలది చుక్కలు కలిపి దానిని 6 ప్రాంతమునకు దింపుట అరగంట పాఠము. శిక్షణార్థులు తమ తమ ఊళ్ళనుండి ఒక్కొక్క సీసా నీరు తెచ్చుకొనుటతో ఆ పాఠమారంభింపవచ్చును.