కరెంటు శ్రుతి ఐదు

"ఒరేయ్, వెనకాల ఎవడో ఐదు శ్రుతి పెట్టుకు కూచున్నాడ్రా. నాది నాలుగు. వాణ్ణి లేవమను."

పోయిన ఆదివారం పొద్దున్న హెడ్‌ఫోన్లు తగిలించుకుని మా అక్క అన్న మాట. గదిలో ఉన్నది అక్క, అక్క మనవరాలు, నేను. బల్ల మీద మైకు, లాప్‌టాప్, ఆ రెంటికీ మధ్య దుబాసీలా ఓ చిన్న డబ్బా. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మైకు భాషని కంప్యూటరుకి అర్థమయ్యే అంకెల్లోకి మారుస్తుంది. అంతే. ఐదు శ్రుతివాడు ఎవడూ లేడు.

ఉన్నాడు. కరెంటు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దాని పై స్థాయి 100. హార్మోనియం మీద ఐదో శ్రుతి, పాశ్చాత్యులు జి అనే మెట్టు, కింద స్థాయిలో 49, ఆ పైది 98. అంటే మన ఇళ్ళ గోడల వెంట తిరిగే కరెంటు ఐదుకి కాస్త పైగా పాడుతూనే ఉంటుంది, రాత్రింబగళ్ళు, ఊపిరి తీసుకోకుండా. నాలుగు శ్రుతిలో పాడేవాళ్ళకి అది సరిగ్గా చతుశ్రుతి రిషభం పక్కకొచ్చి తిష్ఠ వేస్తుంది. అక్కకి ఈ లెక్కలేవీ తెలియవు. డెబ్బై ఆరేళ్ళ చెవి, టెస్టరు అక్కర్లేకుండా పట్టేసింది. డల్లాస్‌లో అయితే కరెంటు 60, ఆరున్నరకీ ఏడుకీ మధ్య ఎక్కడో వేలాడుతుంది. అక్కడ ఇంకా విసుక్కునేది.

డల్లాస్ ఎందుకొచ్చిందంటే, అక్క కూతురు అక్కడ ఇల్లు కొంది. గృహప్రవేశానికి అమ్మ పాడిన మంగళహారతులు కావాలిట. అక్కకి నలభై దాకా వచ్చు. కొన్ని అంబాజీపేటలో అత్తగారి దగ్గర నేర్చినవి, కొన్ని విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పొయ్యి దగ్గర పట్టినవి. ఆ భక్తిరంజని మొదలుపెట్టిన బాలమురళీకృష్ణగారు పుట్టింది మన శంకరగుప్తంలోనే కదా అని అక్కకి ఓ గర్వం, చుట్టరికం ఏమీ లేకపోయినా.

"మా ఇంట్లో రికార్డింగ్ ఉంది" అని వీధిలో ఒకాయనతో అంటే ఆయన మీసాల్లో నవ్వాడు. తప్పు ఆయనది కాదు. మా గోదావరి జిల్లాల్లో ఓ వయసు దాటిన మగాళ్ళ దగ్గర ఆ మాట తీస్తే వెనకాలే డ్యాన్సు వచ్చి చేరుతుంది. ఇదే రాజమండ్రిలో 1936 నాటికే నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టి సంపూర్ణ రామాయణం తీశారు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, ఈ డ్యాన్సు మాత్రం అందరికీ గుర్తే.

సరే. నిజానికి మొదటి తగువు కరెంటుతో కాదు, ఆలస్యంతో వచ్చింది. అక్క పల్లవి ఎత్తుకుంది. రెండో చుట్టుకి నడక మందగించింది, మూడో చుట్టుకి నిద్రలో నడుస్తున్నట్టయింది. "నన్నెవరో వెక్కిరిస్తున్నారే, నేనన్న మాటే నా వెనకాల అంటున్నారు" అని హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కంప్యూటరు పాటని బొట్టుబొట్టుగా తాగదు. చెంబు నిండేదాకా ఆగి ఒక్క గుక్కలో తాగుతుంది. ఆ చెంబు పేరు బఫర్. పాటని సెకనుకి 44,100 ముక్కలు, అంటే శాంపిళ్ళు, చేస్తుంది. ఆ చొప్పున 1,024 పట్టే చెంబు నిండాలంటే 23 మిల్లీసెకన్లు కావాలి. లోపలికో చెంబు, బయటికో చెంబు, వెరసి 46. ఈ లోపల శబ్దం గాలిలో యాభై అడుగులు పోతుంది. అంటే అక్క గొంతు అక్కకే యాభై అడుగుల అవతలినుంచి వినిపిస్తోంది.

మనవరాలు చెంబుని 64కి దించింది. ఇప్పుడు అంత జోరుగా తాగలేక ముసలి లాప్‌టాప్‌కి పొలమారింది. పాటంతా కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. 256 దగ్గర కాస్త సర్దుకుంది గానీ అసలు మందు డబ్బా మొహం మీదే ఉంది, డైరెక్ట్ మానిటర్ అనే మీట. అది నొక్కితే గొంతు కంప్యూటరు గడప తొక్కకుండా నేరుగా చెవిలోకొస్తుంది. ఆ మీట మా కంట పడ్డానికి రెండు గంటలు పట్టింది.

తీరా పాడించి, వెనక్కి పెట్టి వినిపిస్తే అక్క మొహం మాడ్చుకుంది. "ఇది నా గొంతేంట్రా, మా అత్తగారి గొంతు." డబ్బా సెకనుకి 48,000 శాంపిళ్ళ లెక్కన పంపిస్తోంది, సాఫ్ట్‌వేర్ 44,100 లెక్కన తీసుకుంటోంది. శ్రుతి ఒకటిన్నర మెట్టు దిగిపోయింది, నాలుగు నిమిషాల హారతి ఇంకో ఇరవై సెకన్లు ఎక్కువ సాగింది. సెల్లులు అయిపోయిన టేపురికార్డరు కూడా ఇలాగే చేసేది కదా, రోగం పాతదే. రెండు చోట్లా ఒకే అంకె పెట్టాం, అత్తగారు వెళ్ళిపోయారు.

మిగిలింది ఐదు శ్రుతివాడు.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి నా సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో మనిషే. మిక్సీ జారు మీద వరసగా నాలుగు వారాలు రాసి ఎడిటరుగారి చేత చీవాట్లు తిన్నవాణ్ణి. "పాడైందా, పారేసి కొత్తది కొనుక్కోండి" అనే మాట వింటే నాకెంత ఒళ్ళు మంటో మీకు తెలుసు. మనవరాలు "వేరే వైరు ఒకటి తెచ్చి చూద్దాం తాతయ్యా" అనగానే ఆ మంటే లేచింది. "కొనడం ఆఖరిమాట. ముందు ఆలోచించాలి, ఒక్కొక్కటే మార్చి చూడాలి" అని ఉపన్యాసం ఇచ్చాను. ఇచ్చి రంగంలోకి దిగాను.

చార్జరు పీకేసి బ్యాటరీ మీద పెడితే జుమ్మనడం సగానికి తగ్గింది. తర్వాత ఫ్యాను. మా నాన్న నాటి రెగ్యులేటరు పెరుగు కుండంత నల్ల డబ్బా, చెయ్యి పెడితే వేడి, కానీ కిక్కురుమనేది కాదు. లోపల ఉన్నది ఉత్త తీగచుట్ట. ఇప్పుడు గోడలో కూచునే వేలెడంత బుడిపె కరెంటు అలని సెకనుకి వందసార్లు కోస్తుంది, ఆ కోతే మైకులో 'జుయ్' మంటుంది. ఫుల్లులో పెడితే కోత ఉండదు గానీ గాలి మైకు మీద కొడుతుంది. ఆపేశాం. రాజమండ్రి, మే నెల. అక్క ఒక చేత్తో విసనకర్ర విసురుకుంటూ పాడింది. కాసేపటికి విసనకర్ర చప్పుడు కూడా వినపడుతోందని మనవరాలు అది లాక్కుంది.

చార్జరు మళ్ళీ తగిలించి లాప్‌టాప్ రేకు మీద చెయ్యి ఆనిస్తే సన్నగా చీమలు పాకినట్టుంది. అక్క మైకు పట్టుకుంటే శబ్దం ఒకలా ఉంది, వదిలేస్తే ఇంకోలా ఉంది. "ఎర్తింగ్ పోయింది" అని తీర్పు చెప్పేశాను. పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన ఎర్తు గుంట ఉంది. ఇల్లు కట్టినప్పుడు నాన్న దగ్గరుండి గొట్టం దింపించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలుగా కూరించారు. ఎండాకాలం వారానికో బిందె నీళ్ళు పొయ్యమని చెప్పి మరీ పోయారు. నేను పొయ్యలేదు. ఆ గుంట మూత తీసేసరికి మట్టి నెర్రెలిచ్చి ఉంది. నాలుగు బిందెలు కుమ్మరించాను. గంటకి రేకు మీద చీమలు పోయాయి, హమ్మింగ్ మరికాస్త దిగింది.

అక్క మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "లేచాడు గానీ గుమ్మంలో నిలబడ్డాడు."

ఆ రాత్రి మైకుసెట్టు ఆయన గుర్తొచ్చాడు. మా చిన్నప్పుడు, 1970ల్లో, కోనసీమలో మా ఊరి షష్ఠి తీర్థానికి ఏటా ఆయనే వచ్చేవాడు. ఎడ్లబండి మీద యాంప్లిఫయరు, కారు బ్యాటరీ, గొట్టాలు. కొబ్బరిచెట్లకి గొట్టాలు కట్టడానికి దింపు తీసేవాణ్ణి పిలిచేవారు. నా పని వైరు చుట్ట మోయడం. పదేళ్ళవాడికి అంతకన్న పెద్ద ఉద్యోగం లేదు.

ఆయన చేతిసంచిలో ఉండేవి ఐదారే వస్తువులు. బ్లేడు ముక్క, సైకిలు ట్యూబు పీలికలు, ఇంత తగరం, కొయ్య పిడి ఉన్న సోల్డరింగ్ కడ్డీ. దాన్ని కుంపట్లో కాల్చేవాడు. ఇంకొకటి, నాకు అన్నిటికన్న ఇష్టమైంది, టార్చిలైటు బల్బు. ఒక సెల్లుకి ఆనించి ట్యూబు పీలికతో కట్టి ఉంచేవాడు, రెండు తీగల కొసలు బయటికి వేలాడుతూ. అనుమానం ఉన్న వైరు రెండు చివర్లూ ఆ కొసలకి తగిలిస్తే బల్బు వెలగాలి. వెలిగితే వైరు మంచిది. వెలక్కపోతే ఎక్కడో తెగింది. అప్పుడు చుట్టని గుండ్రంగా ముందేసుకుని, ఒక్కో మూరా రెండు చేతుల మధ్య వంచుతూ పోయేవాడు. ఒకచోట బల్బు మిణుకుమనేది. "ఇదిగో, ఇక్కడండీ" అని గోరుతో గుర్తు పెట్టి బ్లేడు తీసేవాడు.

ఓ ఏడు హరిశ్చంద్ర. కాటిసీను. పద్యం ఎత్తుకుని రాగం పైకి తీసుకెళుతుండగా మైకు గుర్రుమని నోరు మూసుకుంది. జనం ఈలలు. కమిటీవాళ్ళు వచ్చి మీద పడ్డారు, మిషను మార్చమని ఒకడు, బ్యాటరీ అయిపోయిందని ఒకడు, కనెక్షన్లన్నీ పీకి మళ్ళీ పెట్టమని ఒకడు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. "ఆయ్, అలాగేనండి" అంటూనే స్టేజి కిందికి దూరాడు, నోట్లో బల్బు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని. బండి చక్రం ఎక్కిన చోట వైరు నలిగి ఉంది. సైకిలు ట్యూబు చుట్టి పైకొచ్చేసరికి హరిశ్చంద్రుడు మైకు లేకుండానే పద్యం పూర్తిచేసి చప్పట్లు కొట్టించుకున్నాడు. వన్స్‌మోర్ మాత్రం మైకులో పడింది.

నాకు అప్పుడే చెప్పాడు. "ముందు వైరు చూడండి బాబూ. దొరక్కపోతే మళ్ళీ వైరే చూడండి. అప్పుడూ దొరక్కపోతే మిషను." నలభై ఏళ్ళుగా ఈ మాటని నేను చెప్పని మనిషి లేడు, మీలో కొందరు ఉత్తరాల్లో నాకే తిరిగి అప్పజెప్పారు కూడా.

సోమవారం మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే మనవరాలు వెళ్ళి చర్చిలో కీబోర్డు వాయించే స్నేహితుడి దగ్గర మైకు వైరు ఒకటి అరువు తెచ్చింది. (ఈ రోజుల్లో మా వైపు మంచి మైకులూ, వాటిని వాడడం తెలిసిన కుర్రాళ్ళూ కావాలంటే చర్చిలో అడగడమే సుళువు.) లేచేసరికి అక్క హెడ్‌ఫోన్లతో నిశ్శబ్దంగా కూచుని ఉంది. "వెళ్ళిపోయాడ్రా" అంది.

పీకేసిన వైరు బల్ల మీద ఉంది. ఎనిమిదేళ్ళ కిందట నేను స్వయంగా సోల్డర్ చేసింది. దాని గురించి ఈ కాలమ్‌లోనే ఓ వారం గొప్పలు పోయాను, పాత కత్తిరింపులు దాచుకునేవాళ్ళు వెతక్కండి. ఫ్యాను చూశాను, చార్జరు చూశాను, మా నాన్న తవ్వించిన గుంట తడిపాను. వైరు ముందు చూడమని లోకానికంతా చెప్పిన నేను, నా వైరు వైరే కాదన్నట్టు దాని జోలికి పోలేదు.

ప్లగ్గు మూత విప్పాను. లోపల మూడు పిన్నులు. రెండూ మూడూ పాటని మోస్తాయి, మూడోది తలకిందులుగా. బయటి రొద రెంటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి డబ్బా దాన్ని కొట్టేయగలదు. ఒకటో పిన్నుకి వైరు చుట్టూ అల్లిన రాగి జల్లెడ కలవాలి, దారిలో కరెంటు రొదని అడ్డుకునేది అదే. నా ఒకటో పిన్ను మీద తగరం మెరుపు లేకుండా, మబ్బుగా ఉంది. వేడి చాలని అతుకు. గోరుతో మీటితే జల్లెడ మొత్తం లేచొచ్చింది. మాది డైనమిక్ మైకు, దానికి పాడ్డానికి రెండూ మూడూ చాలు. జల్లెడ ఊడినా పాట వస్తూనే ఉంది, అందుకే ఇన్నాళ్ళు దొరకలేదు. డబ్బానుంచి 48 వోల్టులు తాగే కండెన్సర్ మైకు అయితే ఆ అతుకు ఊడిన రోజే మూగబోయి నన్ను పట్టించేది. అక్క పట్టుకుంటే ఒకలా, వదిలితే ఒకలా వినిపించడం కూడా దీని పనే. నేను దాన్ని కూడా గుంట ఖాతాలో రాశాను.

అప్పుడు గుర్తొచ్చింది, మైకుసెట్టు ఆయన సంచిలో ఆరో వస్తువు. గుడ్డలో చుట్టిన కొత్త వైరు. దాన్ని నన్నెప్పుడూ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పందిట్లో వాడేవాడూ కాదు. ఎక్కడ తేడా ఉందో అంతు చిక్కనప్పుడు తీసి, తగిలించి, ఒక్క నిమిషం విని, మళ్ళీ చుట్టి లోపల పెట్టేవాడు. పిసినారి అనుకునేవాణ్ణి. తూకపురాయితో ఎవరైనా కూరలు వండుకుంటారా అని ఇప్పుడు నా మీద నాకే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన బల్బు గురించే చెప్పుకొచ్చాను, ఆ గుడ్డమూట గురించి ఒక్కసారి రాయలేదు.

కాబట్టి, మిక్సీ జారు పాఠకులు మన్నించాలి, మంగళవారం వెళ్ళి కొత్త వైరు కొన్నాను. నాలుగు వందల ఎనభై. బేరం ఆడలేదు. ఒకటి వాడకానికి, ఒకటి గుడ్డలో చుట్టి పెట్టడానికి అని రెండు తీసుకుందామనుకున్నాను గానీ ఒంట్లో పాత మనిషి ఇంకా ఉన్నాడు, ఒకటే తెచ్చాను. అక్క సాయంత్రానికి పదకొండు హారతులు పాడింది. పన్నెండోదానికి కరెంటు పోయింది.

నా వైరుని అక్క కరివేపాకు చెట్టుకీ కుళాయి గొట్టానికీ మధ్య లాగి కట్టింది. తువ్వాళ్ళు ఆరేస్తోంది. ముళ్ళు మాత్రం నన్ను వెయ్యనివ్వలేదు.